రీస్టార్ట్ జబ్బుకు ఫార్మాట్ మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ ఆన్ అవుతుంటే చాలామంది వెంటనే ఫార్మాట్ చేయించేస్తున్నారు. ఫొటోలు, డబ్బులు పోతాయి, జబ్బు మాత్రం చాలాసార్లు పోదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో (సిస్టమ్‌లో జరిగినవన్నీ నమోదయ్యే చిట్టా) ‘కెర్నల్ పవర్ 41’ కనిపిస్తే, సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాలేదనే అర్థం. కారణం మనమే వెతకాలి.

ముందు యూపీఎస్ తీసేసి, ప్లగ్గు నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి ఒకరోజు వాడండి. బాగా నడిస్తే తప్పు యూపీఎస్‌ది, చాలావరకు దాని బ్యాటరీదే. పాతబడ్డ బ్యాటరీ, కరెంటు రెప్పపాటు పోయినా లోడు మోయలేదు.

అయినా ఆగుతుంటే ప్లగ్గు తీసి క్యాబినెట్ తెరవండి. ప్రాసెసర్ ఫ్యాన్ కింద, వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము మెత్తలా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని, బ్రష్‌తో దులపండి. హీట్‌సింక్ ఊడదీస్తే ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్టు (వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే పూత) తుడిచి, బఠాణీ గింజంత కొత్తది వేయాలి. ర్యామ్ (మెమరీ) పలకలు తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఒక్కొక్కటే పెట్టి చూడండి.

ప్రాసెసర్ వేడెక్కకపోయినా గేమ్ ఆడేటప్పుడే ఆగుతుంటే, ఎస్‌ఎంపీఎస్‌ను (క్యాబినెట్‌లో కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) అనుమానించాలి. 12 వోల్టుల పసుపు వైరులో లోడు మీద (కంప్యూటర్ గట్టిగా పనిచేస్తున్నప్పుడు) 11.4 వోల్టుల కన్నా తగ్గితే మార్చాల్సిందే. దాన్ని మాత్రం ఇంట్లో విప్పొద్దు. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన ఛార్జి నిలిచి ఉంటుంది.

– ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్, విజయవాడ