మదింపు ముందా, మాస్టర్ ప్లాన్ ముందా?

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు పాల ప్యాకెట్ల కోసం మేడమీద నుంచి పడవలకేసి చూస్తూ రోజులు లెక్కపెట్టిన కుటుంబాల్లో మాదీ ఒకటి. ఆ వరద తరువాత గండ్ల గురించి, ఆక్రమణల గురించి పత్రికల్లో చాలా చర్చ జరిగింది. అది జరగవలసినదే. అయితే నగరం ఎటు పెరగాలో, ఏ పల్లపు భూమి నివాస ప్రాంతంగా మారాలో నిర్ణయించే మాస్టర్ ప్లాన్ల వంటి ప్రణాళికలకు పర్యావరణ ప్రభావ మదింపు (తలపెట్టిన పని వల్ల నేలకు, నీటికి, మనుషులకు ఏం జరుగుతుందో ముందే అంచనా వేసే అధ్యయనం) ఎందుకు తప్పనిసరి కాలేదన్న ప్రశ్న ఆ చర్చలో నాకు పెద్దగా కనిపించలేదు.

మన దేశంలో ఈ మదింపును 1994లో తప్పనిసరి చేశారు. ఇప్పుడు అమల్లో ఉన్నది 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్. అది గనులు, విద్యుత్ కేంద్రాలు, రహదారుల వంటి ప్రాజెక్టులకు వర్తిస్తుంది; భవనమైతే నిర్మాణ వైశాల్యం 20,000 చదరపు మీటర్లయినా ఉండాలి, టౌన్‌షిప్ అయితే 50 హెక్టార్ల (సుమారు 123 ఎకరాల) విస్తీర్ణమో, లక్షన్నర చదరపు మీటర్ల నిర్మాణమో ఉండాలి. పాయకాపురం, కండ్రిక వైపు వెలసిన ఇళ్లలో ఎక్కువ భాగం కొద్ది సెంట్ల స్థలాల్లో కట్టుకున్నవి. వాటిలో ఏ ఇల్లూ ఆ హద్దు దరిదాపులకు రాదు. అన్నీ కలిసి వాగు పారే దారిని ఎంత ఇరుకు చేస్తాయన్న లెక్కను ఇంటికో అనుమతి ఇచ్చే పద్ధతిలో ఎవరూ వేయరు, వేయవలసిన బాధ్యతా ఎవరి మీదా లేదు. ఇక నోటిఫికేషన్ పరిధిలోకి వచ్చే టౌన్‌షిప్‌లకైనా ప్రజాభిప్రాయ సేకరణ నుంచి అదే నోటిఫికేషన్ మినహాయింపు ఇచ్చింది!

బుడమేరు విషయంలో ఈ లోపం మరీ స్పష్టంగా కనిపిస్తుంది. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నుంచి వరదలో కొంత మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. మిగిలినది పాత దారిన నగరం అంచున పారి కొల్లేరు చేరుతుంది. పోలవరం కుడి కాలువ కూడా ఆ మళ్లింపు కాలువలోనే కలుస్తుంది. బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ రోజుల్లో, నిండుగా ఉన్న కృష్ణలోకి కాలువ నీరు సులువుగా దిగే వీలు లేకపోయింది. కాలువను చూసే శాఖ వేరు, లేఅవుట్లకు అనుమతులిచ్చే శాఖ వేరు, అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా 2002 నుంచి రామ్‌సార్ గుర్తింపు ఉన్న కొల్లేరును కాపాడవలసిన శాఖ వేరు. పైగా కొల్లేరు ఉన్నది మా నగర పాలక సంస్థ పరిధికి చాలా అవతల. ఈ మూడింటినీ ఒకే పటం మీద పెట్టి చూడడానికి ప్రణాళిక దశను మించిన సమయం లేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఐరోపా సమాఖ్య 2001లోనే ఒక ఆదేశం ద్వారా కొన్ని రకాల ప్రణాళికలను ఆమోదించే ముందే మదింపు జరగాలనీ, సహేతుకమైన ప్రత్యామ్నాయాలను అందులో పరిశీలించాలనీ నిర్దేశించింది. చైనా కూడా 2003లో అమల్లోకి వచ్చిన మదింపు చట్టంలో ప్రణాళికలను చేర్చింది. ఈ ‘ప్రత్యామ్నాయం’ అన్న మాటే నా దృష్టిలో అసలు కీలకం. అమరావతినే తీసుకోండి: రాజధాని ఎక్కడన్నది 2014లో ప్రకటించారు, భూసమీకరణ 2015 మొదట్లో ఆరంభమైంది, పర్యావరణ అనుమతి ఆ అక్టోబరులో వచ్చింది. ఆ అనుమతిని 2017లో, పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ షరతులతో సమర్థించింది. రాజధాని అక్కడ ఉండాలా వద్దా అన్న వాదనలోకి నేను వెళ్లడం లేదు. చోటు ఖాయమైన తరువాత జరిగే మదింపు కరకట్టలు, ఎత్తిపోతల గురించి చెప్పగలదే గాని, చోటు గురించి చెప్పడానికి దానికి మిగిలేది ఏమీ ఉండదు.

దీనివల్ల పనులు ఆలస్యమవుతాయని అభ్యంతరం చెప్పేవారున్నారు. కొన్ని నెలలు పట్టవచ్చు, కాదనను. బురదలో నానిన ఇంటి పత్రాలను, పిల్లల సర్టిఫికెట్లను ఎండబెట్టుకుంటూ, మళ్లీ తీయించుకోవడానికి తిరుగుతూ మేము పోగొట్టుకున్న నెలలను కూడా ఆ లెక్కలో చేర్చమని మాత్రం కోరుతున్నాను.

విజయవాడ, గుంటూరు నగరాలకు ఇకపై ఏ మాస్టర్ ప్లాన్ ముసాయిదా తయారైనా, ఆమోదానికి ముందే దాని మీద మదింపు నివేదికను వెలువరించేలా ప్రభుత్వం నిబంధన తేవాలి. నివేదికను తెలుగులో ప్రతి వార్డు సచివాలయంలో ఉంచాలి. దానితోపాటు వాగులు, డ్రెయిన్లు, 2024లో నీరు నిలిచిన వీధులు సర్వే నంబర్లతో సహా కనిపించే పటాన్ని, నాబోటి వయసువాళ్లకు కళ్లద్దాలతోనైనా చదవగలిగేంత పెద్దదిగా, గోడకు అతికించాలి.

— విశ్రాంత ఉపాధ్యాయుడు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ