అద్దెకు రశీదు అడగడం తప్పా?

సంపాదకుడు గారికి,

కాలేజీలు తెరిచే వేళ గుంటూరులో అద్దె ఇళ్ళకు గిరాకీ పెరిగిందంటూ పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి ఈ లేఖ రాయాలని అనుకుంటూనే ఉన్నాను. అద్దెకున్నవాళ్ళు గోడలు పాడుచేస్తారని, ఖాళీ చేయమంటే ఒక పట్టాన కదలరని ఇంటి యజమానుల కష్టాలన్నీ అందులో వివరంగా రాశారు. అద్దెకుండేవాళ్ళలో ఒక్కరినైనా అడిగినట్టు కనబడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో అద్దె ఇళ్ళలోనే సంసారం చేస్తున్నాను కనుక ఆ రెండో వైపు నేను చెబుతాను.

గుంటూరు చదువుల ఊరు. 1885లో ఆంధ్ర క్రైస్తవ కళాశాల మొదలైన నాటి నుంచి, ఆ తరువాత 1946లో వైద్య కళాశాల, 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చాక మరింతగా, పల్నాడు నుంచీ బాపట్ల, రేపల్లె వైపు నుంచీ పిల్లల చదువుల కోసం వచ్చినవాళ్ళు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలోనే అద్దెకు దిగారు. మా నాన్నగారు సత్తెనపల్లి దగ్గర పల్లె నుంచి వచ్చి, బ్రాడీపేటలో ఒకరింటి వీధి గదిలో ఉండి డిగ్రీ చదివారు. ఆ గదికి అద్దె నెలకు పన్నెండు రూపాయలు. అద్దె ముట్టినట్టు ఆ ఇంటావిడ ప్రతి నెలా రాసి సంతకం చేసి ఇచ్చిన చీటీలను ఆయన దారం గుచ్చి దాచుకున్నారు, అవి ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. నెలకు పదిహేను వేల చొప్పున నాలుగేళ్ళు అద్దె కట్టిన నా దగ్గర ఒక్క చీటీ కూడా లేదు.

నేను మొన్న ఖాళీ చేసిన ఇల్లు రెండు పక్కలా గోడలు కలిసిపోయిన ఇరుకు మేడ. కింద హాలు, వంటిల్లు, మెట్లెక్కితే రెండు గదులు. ఒకప్పుడు ఒకే ఇల్లట, అన్నదమ్ములు పంచుకున్నప్పుడు నట్టనడుమ గోడ లేపారు. చేరేటప్పుడు మూడు నెలల అద్దె, అంటే 45,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చాను, బ్రోకరుకు ఒక నెల అద్దె అదనం. అందరిలాగే పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసుకున్నాం. అసలు కాగితం యజమాని దగ్గరే ఉండిపోయింది. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే, పన్ను మినహాయింపు కోసం ఉద్యోగి యజమాని పాన్ నంబరు చూపించాలి. ఆయన నంబరు ఇవ్వనన్నారు. ఏడాది లెక్క లక్ష దాటకుండా నెలకు 8,300 మాత్రం ఫోన్‌లో వేసి మిగతా 6,700 చేతికివ్వమన్నారు. ఆదాయం ఆయనది, దానిని దాచిపెట్టే బాధ్యత నాది అయింది.

రెండో వానాకాలానికే ఆ నడిమి గోడ ఉరవడం మొదలుపెట్టింది. పై గదిలో మా అమ్మాయి పుస్తకాల బీరువా వెనక పెచ్చులు ఊడి, ఇటుకలు బయటపడ్డాయి, సగం పుస్తకాలకు బూజు పట్టింది. మా యజమానికి చెబితే నీళ్ళు దిగేది తమ్ముడి డాబా మీది నుంచి కాబట్టి తమ్ముడే బాగుచేయించాలన్నారు. ఆ తమ్ముడిగారిని కలిస్తే గోడ అన్నగారి వాటాలోదని పంపకాల కాగితం చూపించారు. మూడు వానాకాలాలు ఇద్దరి గుమ్మాల మధ్య తిరిగాను. అయిన పని ఒక్కటీ లేదు, చివరికి టార్పాలిన్ కొని నేనే కట్టుకున్నాను.

ఖాళీ చేసిన రోజున యజమాని ఒక్కొక్క గదీ తిరిగి చూసి, గోడలకున్న మేకుల కన్నాలను వేలు పెట్టి లెక్కపెట్టారు. పదకొండు తేలాయి. క్యాలెండరు కాగితం వెనక లెక్క రాసిచ్చారు: సున్నాలకు 14,000, నడిమి గోడ పెచ్చులకు 9,000, మేకుల కన్నాలకు 1,500, మోటారు రిపేరుకు 1,000. చేతిలో పెట్టింది 19,500. తమది కాదని అన్నదమ్ములిద్దరూ మూడేళ్ళు వాదించిన గోడకు డబ్బు కట్టినవాడిని చివరకు నేనే.

చట్టం లేక ఇలా జరుగుతోందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అద్దె కట్టినవాడికి రశీదు పొందే హక్కు మన రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలోనే రాశారు. 2021లో కేంద్రం ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదంటోంది, వేరే ఒప్పందం లేకపోతే గోడలకు సున్నాలు, తలుపులకు రంగులు యజమానే వేయించాలని స్పష్టంగా చెబుతోంది. ఆ మాటలు మన వీధుల దాకా రాలేదు. వాటిని వీధుల దాకా తేవలసినవాళ్ళు ఏం చేస్తున్నారో తెలుసుకుందామని వెళితే, మొదటి కార్యాలయంలో ఇది మా పరిధి కాదన్నారు. రెండో కార్యాలయంలో అగ్రిమెంటు అసలు కాగితం తెమ్మన్నారు, అది యజమాని దగ్గరుందంటే మేమేం చేయగలమన్నారు. మూడో చోట అర్జీ తీసుకుని నంబరు ఇచ్చారు, అర్జీ పరిష్కారమైందని వారానికల్లా ఫోన్‌కు సందేశం వచ్చింది. నాతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు, ఆ ఇల్లు చూడటానికీ ఎవరూ రాలేదు.

ఇంటి పన్ను ఒక్క రోజు ఆలస్యమైతే వడ్డీ లెక్కగట్టే యంత్రాంగానికి ఏ ఇంట్లో ఎవరు ఎంత అద్దెకుంటున్నారో తెలుసుకోవడం అసాధ్యమేమీ కాదు. సంసారాలున్న ఇళ్ళను ఖాళీ చేయించి గదికి ఆరు మంచాలు వేసి హాస్టళ్ళుగా మారుస్తున్నా అడిగేవారు లేరు. ఇల్లు చూడటానికి వెళ్ళినవాడిని మొదటి మాటగా ‘మీరేమిట్లు?’ అని కులం అడిగి, జవాబు నచ్చకపోతే ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామని తలుపు వేసే వాళ్ళను అడిగేవారూ లేరు. ఈ ఊరికి చదువుకోవడానికి వచ్చే పిల్లలకు మనం మొదట నేర్పుతున్నది ఇదా అని నాకు బాధగా ఉంటుంది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. వార్డు సచివాలయాలు ప్రతి వీధికీ దగ్గరలోనే ఉన్నాయి. అద్దె ఒప్పందం నకలు ఒకటి అక్కడ నమోదు చేయించాలి, అందులో అడ్వాన్సు మొత్తం, ఇల్లు అప్పగించిన నాటి గోడల స్థితి రాయించాలి. రశీదు ఇవ్వని యజమానిపై ఫిర్యాదు ఏ అధికారికి ఇవ్వాలో హోదాతో సహా మీ పత్రికలో ప్రకటించమని సంబంధిత అధికారులను అడగండి.

యజమాని రాసిచ్చిన క్యాలెండరు కాగితం నకలు ఈ లేఖకు జతచేస్తున్నాను. ఆయన పేరు, ఇంటి నంబరు సిరాతో కొట్టివేశాను. అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక అద్దెదారు,
బ్రాడీపేట, గుంటూరు