సోమవారం వెళ్ళి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

సెలవులొస్తే చాలు, విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ముందు జనం క్యూ కట్టిన ఫొటో పేపర్లో పడుతుంది. కాదనను, బాగానే ఉంటుంది. కానీ ఆ సబ్‌మెరైన్ ఇన్నేళ్ళుగా అక్కడ చెక్కుచెదరకుండా ఉందంటే అది ఎవరి చలవో ఒక్క ముక్క కూడా నా కంటబడలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ప్రకాశం బ్యారేజీ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మొత్తం 70 గేట్లు. ఈ చివర రంగు పూర్తయ్యేసరికి ఆ చివర మళ్ళీ బొబ్బలు లేచేవి. అదీ మంచినీళ్ళ మీద!

మొన్న వేసవిలో మనవణ్ణి తీసుకుని వైజాగ్ వెళ్ళాను. తెలియక సోమవారం పోయాం, ఆ రోజు మ్యూజియానికి సెలవట. వాడు మూతి ముడుచుకున్నాడు గానీ నేను మాత్రం కంచె దగ్గర నుంచి అరగంట కదల్లేదు. సబ్‌మెరైన్ పొట్ట కింద ఒకతను గొంతుక్కూర్చుని చిన్న సుత్తితో రేకు మీద టక్‌టక్‌మని కొడుతూ, మధ్యలో ఆగి వింటున్నాడు. మా దగ్గరా ఇంతే. రేకు గట్టిదైతే ఖంగుమంటుంది, తుప్పు తిన్నదైతే డొల్లగా పలుకుతుంది. అలా పలికిన చోట సుద్దముక్కతో సున్నా చుట్టి, పెచ్చులు రాలగొట్టి, ఇనుము తెల్లగా తేలేదాకా వైర్ బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, అప్పుడు తుప్పు పట్టనివ్వని రెడ్ ఆక్సైడ్ రంగు పూశాడు. అరచేయంత మచ్చకి ఇంత తతంగం. బొబ్బ మీదే రంగు కొట్టేసి బిల్లు పెట్టుకునే కాంట్రాక్టర్లని బోలెడుమందిని చూశాను కాబట్టి చెబుతున్నా, ఇతను ఆ బాపతు కాదు.

దాని పొడవు 91 మీటర్లు. 1969లో సోవియట్ యూనియన్ నుంచి మన నేవీలో చేరి, 31 ఏళ్ళు పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. అప్పట్నుంచీ రాత్రీపగలూ ఉప్పుగాలిలోనే నిలబడి ఉంది. ఉప్పు తేమని లాగి పట్టుకుంటుంది, ఎండకి కూడా వదలదు. కడిగినంతసేపే శుభ్రం.

మర్నాడు లోపలికి వెళ్ళాం. రిటైరైన నేవీ ఆయనే గైడు. టార్పెడోల దగ్గర మావాడు ఇక్కడ బాత్రూమ్ ఎక్కడని అడిగితే విసుక్కోకుండా చూపించాడు, ఆ ప్రశ్న రోజుకి ఎన్నిసార్లు వింటాడో పాపం. మా బ్యాచ్ ఇలా దాటగానే వెనక ఒకావిడ గుడ్డతో గుండ్రటి తలుపుల అంచులు తుడవడం మొదలెట్టింది. అంతమంది చెమట చేతులు పడే చోటు మరి.

2024 సెప్టెంబరు వరదకి పడవలు కొట్టుకొచ్చి మా బ్యారేజీ కౌంటర్‌వెయిట్లు, అంటే గేట్లు లేపడానికి సాయపడే బరువు దిమ్మెలు, దెబ్బతిన్నప్పుడు కెమెరాలు రోజూ వచ్చాయి. అంతకుముందు గేట్లకి గ్రీజు పెట్టినవాళ్ళ కోసం ఎప్పుడైనా వచ్చాయా?

కాబట్టి మీ విలేకరిని ఒక సోమవారం పంపండి. మిగతా రోజుల్లో వెళితే గైడు చెప్పిందే రాసుకొస్తారు. ఏడాదికి ఎంత రంగు పడుతుందో, లోపల తేమకి ఏం చేస్తున్నారో, ఆ సుత్తి పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అడగమనండి. జీతం నెలనెలా అందుతోందో లేదో కూడా.

— ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్, కృష్ణలంక, విజయవాడ