బిడది బయల్దేరేముందు ఇది చదువు మామా

తిరుపతి,
డిసెంబరు.

రేయ్ మామా,

సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని బెంగుళూరు దగ్గర బిడదిలో ఉన్న రైడ్ల పార్కు వండర్‌లాకి తీసుకెళ్ళాలని ఉంది, కానీ పోయినసారి మాదిరే అవుతుందేమోనని భయంగా ఉంది అన్నావు కదా. అప్పట్నుంచీ నీకు నిదానంగా రాయాలని అనుకుంటున్నా. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో "సరే సరే" అనేస్తావు. ఉత్తరమైతే చెల్లెమ్మ కూడా చదువుతుంది.

పోయినసారి ఆ చెన్నై పార్కులో ఏం జరిగిందో నువ్వు చెప్పిందాన్ని బట్టి నాకు ఒకటి తోచింది. టికెట్టుకి పెట్టిన డబ్బులు రాబట్టాలని పొద్దున్నుంచీ పరిగెత్తారు. పెద్దోడు ఒకవైపు లాగాడు, పాప ఇంకోవైపు లాగింది, అమ్మ మోకాళ్ళు నొప్పులని చెట్టుకింద కూర్చుండిపోయింది. ఎక్కినవి చాలానే ఉన్నాయి, కానీ కారులో వచ్చేటప్పుడు మాట్లాడుకున్నదంతా ఎక్కనివాటి గురించే. కాబట్టి ఈసారి ఇంట్లో భోజనాల దగ్గరే ఒక్కొక్కరినీ అడుగు: "ఒక్కటే ఎక్కనిస్తామంటే ఏది ఎక్కుతావు?" పెద్దోడు రీకాయిల్ అంటాడు, వెనక్కి కూడా గిరగిరా తిప్పే రోలర్ కోస్టర్ అది. పాపకి అలల కొలను చాలు. ఎవరిది వాళ్ళు చెప్పాక అవి ముందు పూర్తి చెయ్యండి. తర్వాత దొరికినదంతా లాభమే. మనసు ప్రశాంతంగా ఉండాలని ఊరికే అనుకుంటే ఉండదురా, ఏది వదిలేయాలో ముందే తేల్చుకుంటేనే ఉంటుంది.

ఇక ఏ రోజు వెళ్ళాలనేది. మన ఆంధ్రా బడులకి సంక్రాంతికి వారం పైనే సెలవులిస్తారు. కర్ణాటకలో పండగ ఒక్కరోజే, మిగతా రోజుల్లో అక్కడి పిల్లలు బడిలో ఉంటారు. భోగికి ముందు ఏ మంగళవారమో బుధవారమో చూసుకుంటే శనాదివారాల రద్దీ తప్పుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకో. చలికాలంలో స్కూళ్ళ వాళ్ళు బస్సుల్లో పిల్లల్ని తెస్తారు. పార్కుకి ఒక ఫోన్ కొట్టి, ఆ రోజు గ్రూపు బుకింగులు ఎక్కువున్నాయా అని అడుగు. అడగడానికి మొహమాటమెందుకు?

చిత్తూరు నుంచి తెల్లవారుజామునే బయల్దేరి అదే రోజు వచ్చేద్దామనే ఆలోచన ఉంటే మానుకో. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగుళూరే దాదాపు 180 కిలోమీటర్లు. బిడది ఊరికి అవతలి వైపు, మైసూరు రోడ్డులో ఉంది, అంటే ఆ ట్రాఫిక్ అంతా దాటాలి. మొగిలి ఘాటులో పాప కడుపు తిప్పుతుందని నువ్వే అంటావు. ముందురోజే వెళ్ళి కెంగేరి వైపు రూము తీసుకో. పొద్దున్నే ఇడ్లీ తిని, గేటు తెరిచేసరికి అక్కడుండాలి. మొదటి గంటలో ఎక్కినంత సులువుగా మధ్యాహ్నం ఎక్కలేం. చాలామంది లోపలికి రాగానే ఎదురుగా కనిపించే రైడు దగ్గరే ఆగిపోతారు. మీరు నేరుగా రీకాయిల్ దగ్గరికి పోండి.

పొద్దున పెద్ద రైడ్లు, ఎండెక్కాక నీళ్ళు. జనవరిలో బెంగుళూరు నీళ్ళు చల్లగా ఉంటాయి, సాయంత్రం దిగితే పిల్లలు చలికి వణికిపోతారు. నీళ్ళలోకి కాటన్ బట్టలతో దిగనివ్వరు, నైలాన్ లాంటివే వేసుకోవాలి. ఈ సంగతి చెల్లెమ్మకి ముందే చెప్పు, అక్కడ కొనాల్సివస్తే అనవసరపు ఖర్చు. బయటి తిండి లోపలికి తీసుకుపోనివ్వరు. కాబట్టి అందరికీ ఆకలేసే టైముకి ఒక గంట ముందే తినేసి, వాళ్ళు భోజనాల వరుసలో ఉన్నప్పుడు మీరు రైడ్ల వరుసలో ఉండండి. తిన్న వెంటనే మాత్రం గిరగిరా తిరిగేవి వద్దు. కళ్ళు చూసేది ఒకటి, చెవి లోపలి బ్యాలెన్స్ చెప్పేది ఇంకొకటి అయినప్పుడే కడుపులో తిప్పుతుంది. పాపని దూరంగా ఒకచోటికే చూస్తూ ఉండమని చెప్పు.

ఎత్తు సంగతి అన్నిటికన్నా ముఖ్యం. మా అక్క కూతుర్ని ఒక పార్కుకి తీసుకెళ్ళినప్పుడు, అరగంట వరుసలో నిలబడ్డాక కొలిచే కర్ర దగ్గర ఆపేశారు. అది మెల్లగా మడమలు పైకెత్తింది. అక్కడున్న కుర్రాడు నవ్వి, వంగి, దాని చెప్పుల్ని నేలకి తాకేలా సర్దాడు. నిండా ఒక వేలెడు తక్కువ. ఏడవలేదు, అదే ఇంకా బాధేసింది మాకు. గీతకి తక్కువుంటే ఎంత బతిమాలినా ఎక్కించరు, ఎక్కించకూడదు కూడా. సీటు కడ్డీ ఒంటికి సరిగ్గా పట్టేది ఆ ఎత్తు లెక్క మీదే. ఇప్పుడే ఇంట్లో గోడకి నిలబెట్టి పెన్సిల్ గీత గియ్. ఎవరు ఏది ఎక్కొచ్చో పార్కు వెబ్‌సైటులో చూసి, ఎక్కలేనివి ఇంట్లోనే చెప్పేయ్. నిరాశ ఇంట్లో అయితే పది నిమిషాల్లో పోతుంది. అమ్మకి బీపీ ఉంది కాబట్టి ఆవిడని పెద్ద రైడ్ల జోలికే పోనివ్వకు.

వరుసల గురించి తిరుపతి వాడిని నేను నీకు చెప్పాలా! 300 రూపాయల దర్శనం టికెట్టు ముందే తీసుకుని, అందులో ఇచ్చిన టైముకి కొండెక్కిన వాళ్ళ ముఖం చూడు, ఏమీ తెలియక వచ్చి వైకుంఠం కంపార్టుమెంటులో కూర్చున్న వాళ్ళ ముఖం చూడు. ఎంతసేపో తెలిస్తే ఓపిక దానంతటదే వస్తుంది. పార్కులో కూడా వరుసలో చేరేముందు ఎంతసేపు పడుతుందని అక్కడి వాళ్ళని అడిగి పిల్లలకి చెప్పు. అమ్మ పొడుపు కథలు మొదలుపెడితే అరగంట ఎలా పోయిందో తెలియదు, ఆ పని ఆవిడకే అప్పజెప్పు. పిల్లలు చిరాకుపడితే కసరకు. ముందు నీళ్ళు, తర్వాత ఏదైనా తినడానికి, తర్వాత నీడ. సగం గొడవలు అక్కడే సర్దుకుంటాయి.

ఎంత ప్లాన్ చేసినా ఏదో ఒక రైడు ఆగుతుంది. ఆగితే తిట్టుకోవద్దు మామా. రోలర్ కోస్టర్ పట్టాల్ని భాగాలుగా విడగొడతారు, ఒక భాగంలో ఒక బండే ఉండాలి. సెన్సర్‌కి ఏ చిన్న అనుమానం వచ్చినా ఆపేస్తుంది. అంటే మన పిల్లల కోసమే ఆగిందన్నమాట. అమెరికాలో 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచిన రోజు కథ తెలుసా? దొంగ టికెట్లతో జనం ఎగబడ్డారు. ఎండకి కొత్త తారు మెత్తబడి ఆడవాళ్ళ హైహీల్స్ దిగబడిపోయాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కొళాయిలు చాలావరకు పనిచెయ్యలేదు. డిస్నీ వాళ్ళకే అంత జరిగితే మనకి ఒక రైడు ఆగడం ఏపాటిది? అందుకే ప్రతి ఒక్కరూ రెండో కోరిక కూడా చెప్పి ఉంచుకోండి. మొదటిది ఆగితే అటు పోవచ్చు.

టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకో. పిల్లల టికెట్టు దేన్ని బట్టి ఇస్తున్నారో, వయసా ఎత్తా, చదివి మరీ కొను. తారీఖు అనుకున్నాక నాకు వెంటనే చెప్పు. అక్క కూతురు ఈ ఏడాది బాగా పొడుగైంది, మేమూ వద్దామనుకుంటున్నాం. అందరం కలిస్తే నీ కారు చాలదు, ఇన్నోవా మాట్లాడాలి. పండగ రోజుల్లో బండ్లు దొరకవు కాబట్టి ఈ వారంలోనే తేల్చేయ్.

అమ్మకి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ
మామ