ముందు సిలిండరు వేడి గురించి శ్రీనూకు

డాలస్

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరమూ, దానితో పంపిన కొలతలూ అందాయి. జెట్ స్కీని, అదే ఆ నీళ్ల స్కూటరును, కొంతసేపు నడిపి ఒడ్డుకు చేర్చగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే ముందు సిలిండరు 175, వెనుక సిలిండరు 130 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించాయనీ, పక్కనున్న రంధ్రం నుంచి నీళ్లు మాత్రం ధారగా పడుతూనే ఉన్నాయనీ రాశావు. ఒకే పంపు రెండు సిలిండర్లకూ నీళ్లు పంపుతున్నప్పుడు కొద్ది డిగ్రీల తేడా సహజమే కానీ, 45 డిగ్రీల తేడాను తేలికగా తీసుకోకూడదు. కారణం తేలేదాకా దానిని పూర్తి వేగంతో నడపవద్దని నిన్ను బతిమాలుకుంటున్నాను. రెండు స్ట్రోకుల ఇంజనులో పిస్టన్ సిలిండరులో బిగుసుకుపోవడానికి ఎంతో సేపు అక్కరలేదు.

నీళ్ల ధారను చూసి నువ్వు చల్లబరిచే ఏర్పాటు బాగానే ఉందని నిశ్చయించుకున్నావు. మీ మెకానిక్కేమో పెద్ద గొట్టం వేసి ఇంకా ఎక్కువ నీళ్లు పంపమన్నాడు. ఈ రెండింటితోనూ నేను ఏకీభవించలేను. నీ జెట్ స్కీ లాంటి పాత రెండు స్ట్రోకుల ఇంజన్లలో రేడియేటరు ఉండదు. జెట్ పంపు వెనుకకు చిమ్మే నీటిలో కొంత భాగం పంపు ఒత్తిడితోనే ఒక గొట్టం గుండా ఇంజనుకు చేరి, ఎగ్జాస్టు చుట్టూ, సిలిండర్ల చుట్టూ, వాటి మీద మూతలా ఉండే హెడ్డులోనూ తిరిగి బయటికి పోతుంది. బయట పడే ధార వల్ల నీళ్లు తిరుగుతున్నాయని తెలుస్తుందే తప్ప, ఏ సిలిండరు వాటా దానికి అందుతోందని తెలియదు. అంతకంటే ముఖ్యంగా, ముందు సిలిండరుకు చల్లదనం చాలడం లేదా, లేక అది వేడినే ఎక్కువగా పుట్టిస్తోందా అన్నది మొదట తేల్చుకోవాలి. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైన సిలిండరుకు నువ్వు మరిన్ని నీళ్లు పంపితే పైన హెడ్డు చల్లగా కనిపిస్తుంది, లోపల పిస్టన్ తల మాత్రం కాలిపోతూనే ఉంటుంది. అందుకే పెద్ద గొట్టం ఆలోచన నాకు భయం కలిగిస్తోంది.

మొదట కొలతనే సరిచూసుకో. మెరిసే అల్యూమినియం మీద ఆ థర్మామీటరు వేడిని తక్కువగా చూపిస్తుంది. ఒక సిలిండరు పైన రంగు ఉండి, రెండోదానిపైన రంగు ఊడిపోయి ఉంటే లేని తేడా కూడా కనిపిస్తుంది. రెండు స్పార్క్ ప్లగ్గుల పక్కనా ఒకే దూరంలో, వేడికి తట్టుకునే నల్లరంగు చుక్క పెట్టి, ఆ చుక్కల మీదనే దగ్గరగా పట్టి చూడు. అప్పుడూ తేడా అలాగే ఉంటే ప్లగ్గులు విప్పి పక్కపక్కన పెట్టు. రెండూ గోధుమరంగులో ఉంటే నీళ్ల వైపు అనుమానించాలి. ముందుది మాత్రం తెల్లగా, పింగాణీ మీద చిన్న చిన్న మెరిసే చుక్కలతో ఉంటే పెట్రోలు వైపు చూడాలి. ఆ చుక్కలు పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం కావచ్చు కనుక భూతద్దం పెట్టి మరీ చూడు. ప్లగ్గులు విప్పినప్పుడే, వాటి తీగలను ఇంజను లోహానికి తగిలించి, త్రాటిల్ (యాక్సిలరేటరు) పూర్తిగా తెరిచి కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి కూడా కొలువు. రెండింటి మధ్య పది శాతానికి మించి తేడా ఉంటే మిగిలిన పరీక్షలన్నీ ఆపి ఇంజను విప్పవలసిందే.

పెట్రోలు వైపు అయితే కార్బ్యురేటర్లతో మొదలుపెట్టు. 1990ల నాటి కొన్ని యంత్రాల్లో వాడిన బూడిదరంగు పెట్రోలు గొట్టాలు లోపల కరిగి, ఆకుపచ్చని జిగురుగా మారతాయి. మికుని కార్బ్యురేటరు లోపల చిటికెన వేలి గోరంత జల్లెడ ఒకటి ఉంటుంది. నా బండిలో దానిని బయటికి తీసి వెలుతురుకు పట్టి చూస్తే సగానికి పైగా ఆ జిగురే పట్టి ఉంది. ట్యాంకు దగ్గరి ఫిల్టరు శుభ్రంగా ఉందని దీనిని వదిలేయకూడదు. గొట్టాలన్నీ మార్చి, రెండు కార్బ్యురేటర్లనూ శుభ్రం చేసి వాటిలోని పల్చని పొరలు, అంటే డయాఫ్రమ్‌లు, కొత్తవి వెయ్యి. ఆ తరువాత కూడా త్రాటిల్ వదిలినప్పుడు ఇంజను వేగం వెంటనే దిగకుండా పైనే వేలాడుతూ ఉంటే, భాగాల మధ్య బిగించే గాస్కెట్ దగ్గరో, క్రాంక్ ఇరుసు చుట్టూ ఉండే సీల్ దగ్గరో గాలి దూరుతోందేమోనని అనుమానించాలి. ఇంజనులోకి గాలి వచ్చే దారులూ, పొగ పోయే దారులూ మూసి, ఐదారు పి.ఎస్.ఐ. ఒత్తిడితో గాలి పట్టించి, కొన్ని నిమిషాలు నిలుస్తుందేమో చూస్తే అది తేలిపోతుంది. ముందు సిలిండరుకు వెళ్లే సన్నని ఆయిల్ గొట్టంలో గాలి బుడగ ఉందేమో కూడా చూడు.

నీళ్ల వైపు అయితే మీ టాంపా సముద్రపు ఉప్పునీరే నా మొదటి అనుమానం. కాకినాడలో మన ఇంటి కిటికీ ఊచలను ఉప్పుగాలి తిన్నట్టే, అల్యూమినియం దారులను ఉప్పు లోపలి నుంచి తినేసి, తెల్లని పొడిగా మళ్లీ అక్కడే పేరుకుంటుంది. దానిలో ఇసుక కలిస్తే ఒక్కొక్క రంధ్రం సూది కూడా దూరనంతగా గట్టిపడుతుంది. హెడ్డు తీసినప్పుడు గాస్కెట్‌ను పారేయకముందు సిలిండరు మీద పెట్టి రంధ్రాలన్నీ కలుస్తున్నాయేమో జాగ్రత్తగా చూడు. పాత యజమాని దానిని తిరగేసి బిగించి ఉంటే ఒక సిలిండరు నీళ్ల దారి మూసుకుపోయి ఉంటుంది, దానికి ఎంత శుభ్రం చేసినా ప్రయోజనం ఉండదు. మాన్యువల్ తెప్పించుకుని గొట్టాల అమరికను కూడా బొమ్మతో పోల్చి చూసుకో.

తరువాత పరీక్షను నీళ్లలోనే, ఇంజను మీద బరువు పడేలా నడుపుతూ చెయ్యి. ఇంటి దగ్గర కొళాయి గొట్టంతో ఊరకే నడిపి కొలిస్తే ఆ అంకెలు నమ్మదగినవి కావు. కడగడానికి మాత్రం కొళాయి వాడు, వరుస మాత్రం తప్పవద్దు: ముందు ఇంజను, తరువాత నీళ్లు, ఆపేటప్పుడు ముందు నీళ్లు, తరువాత ఇంజను. ఇంజను ఆగి ఉండగా నీళ్లు వదిలితే అవి ఎగ్జాస్టు గుండా సిలిండరులోకి చేరతాయి. ఎప్పుడైనా స్టార్టు చేసేముందు సీటు తీసి, లోపల పెట్రోలు వాసన పోయేదాకా గాలి ఆడనివ్వు. ఈ ఒక్క మాట పిల్లలకు కూడా చెప్పు.

రెండు ప్లగ్గులనూ తెల్లకాగితం మీద పెట్టి, ఏది ముందుదో రాసి, ఫోటో తీసి పంపు. కంప్రెషన్ అంకెలు కూడా దానితోనే పంపితే హెడ్డు విప్పాలా, కార్బ్యురేటర్లు విప్పాలా అన్నది ఫోనులో మాట్లాడుకుని నిర్ణయిద్దాం. చెల్లెమ్మకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ,
రఘు