పేకముక్కలున్న ప్రతి ఆటా జూదం కాదు

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నేను తెనాలిలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పే ఉపాధ్యాయురాలిని. ఈమధ్య మా పదో తరగతి విద్యార్థి ఒకడు మధ్యాహ్నం విరామంలో ఫోనులో ముక్కలతో ఆడుతూ దొరికాడు. 'మీవాడు పేకాట ఆడుతున్నాడు' అని కబురు పంపి వాళ్ల నాన్నగారిని బడికి పిలిపించారు. బడికి ఫోను తేవడం తప్పే, దానికి మందలించాల్సిందే. కానీ ఆ పిల్లవాడు ఆడింది పేకాట కాదు. అది స్లే ద స్పైర్ అనే, ముక్కలు వాడి శత్రువులతో పోరాడే వీడియో గేము. అందులో పందెం లేదు, గెలిస్తే వచ్చే డబ్బూ లేదు.

ఆన్‌లైన్ రమ్మీ మన ఇళ్లను ఎలా అప్పులపాలు చేసిందో నాకు తెలుసు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి దాన్ని నిషేధించినప్పుడు, డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా 2025 ఆగస్టులో పార్లమెంటు నిషేధించినప్పుడు మనసారా సంతోషించాను. నా బాధల్లా తెర మీద ముక్క కనిపించగానే అది జూదమేనని మనం తేల్చేయడం గురించి.

ఆ విద్యార్థి ఆడిన ఆటను దగ్గర కూర్చుని చూశాను. మొదట చేతికి వచ్చే కట్టలో పదే ముక్కలు: దెబ్బ కొట్టేవి ఐదు, కాచుకునేవి నాలుగు, ఇంకొకటి పెద్ద దెబ్బది. ప్రతి విడతకూ కొత్తగా ఐదు ముక్కలు పడతాయి, ఖర్చు పెట్టడానికి మూడు పాళ్ల శక్తి ఉంటుంది. ఎదుటి జంతువు ఈసారి 11 పాళ్ల దెబ్బ కొట్టబోతోందని దాని తల మీద ముందే కనిపిస్తుంది. కాచుకునే ముక్క ఒక్కొక్కటి 5 ఆపుతుంది, కొట్టేది 6 తీస్తుంది, రెంటికీ ఒక్కో పాలు శక్తి కావాలి. రెండు కాచుకుని ఒకటి కొడితే తనకు తగిలేది 1, శత్రువుకు 6. మూడూ కొడితే శత్రువుకు 18, కానీ తనకు పూర్తిగా 11. ఏది మేలో ఆ పిల్లవాడు వేళ్ల మీద లెక్కవేసి చెప్పాడు. పోరు గెలిచాక మూడు కొత్త ముక్కలు చూపి ఒకటి తీసుకోమంటే వద్దన్నాడు. ఎందుకని అడిగితే, 'తీసుకుంటే నా మంచి ముక్క ఆలస్యంగా వస్తుంది మేడం' అన్నాడు. పది ముక్కల కట్టలో ఏ ముక్కైనా రెండు విడతల్లోపు చేతికి వచ్చి తీరుతుందని, ముప్పై అయితే ఆరు విడతలు ఆగాల్సి రావచ్చని వాడు ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నాడు. పదో తరగతి సంభావ్యత పాఠంలో 52 ముక్కల లెక్కలు చెప్పేటప్పుడు, పేకను చేత్తో పట్టి ఎరగని పిల్లలకు ఇదే విషయం ఎక్కించడానికి నేను పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు.

ఆటలు తయారుచేసేవాళ్లు పాచికలను వదిలి ముక్కలను ఎంచుకోవడానికి కారణం ఇక్కడే ఉంది. పాచిక ఇందాక ఏం పడిందో గుర్తుంచుకోదు, పేక గుర్తుంచుకుంటుంది. వాడేసిన ముక్క, కట్ట అయిపోయి మళ్లీ కలిపేదాకా తిరిగి రాదు కనుక, అదృష్టం ఉన్నచోటే ఆలోచనకూ చోటు దొరుకుతుంది. ఆడుతూ ఆడుతూ తన కట్టను తానే కూర్చుకునే పద్ధతి 2008లో డొమినియన్ అనే బల్ల మీద ఆడే ఆటతో ప్రాచుర్యం పొంది, తర్వాత వీడియో గేముల్లోకి వచ్చింది. మన సుప్రీంకోర్టు కూడా 1967లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణ అనే వ్యక్తికీ నడిచిన కేసులో, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యమే ప్రధానమంది. రమ్మీ చుట్టూ డబ్బు చేరాకే అది ఇళ్లు కూల్చింది.

ఈ పొరపాటు మనకే పరిమితం కాదు. 2024లో వచ్చిన బలాట్రో అనే వీడియో గేములో పోకర్ అనే పేకాటలోని జతల పేర్లున్నాయి గానీ పందెం కాసే ఏర్పాటే లేదు. అయినా ఐరోపాలో వయసు ముద్రలు వేసే సంస్థ పెగీ దానికి 18 ఏళ్ల ముద్ర వేసి, అప్పీలు చేశాక 2025 ఫిబ్రవరిలో 12కు తగ్గించింది. లోపల ఏ ఆటగాడి ముక్క ఉందో తెలియని పొట్లాలను నిజమైన డబ్బుకు అమ్మే ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ గేముకు మాత్రం అప్పట్లో అదే సంస్థ వేసిన ముద్ర 3 ఏళ్లు. నాకు భయం కలిగించేది ఈ రెండో రకమే. మా బంధువుల అబ్బాయి అలాంటి పొట్లాల కోసం వాళ్లమ్మ ఖాతాలోంచి వందా రెండొందలుగా తీస్తూ పోతే, నెల చివర బ్యాంకు మెసేజీలు చూసేదాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. వాడు ఫోనులో ఆడింది క్రికెట్ ఆట కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. బెల్జియం జూద నియంత్రణ సంఘం 2018లోనే కొన్ని ఆటల్లోని ఇటువంటి పొట్లాలను జూదంగా తేల్చింది.

కాబట్టి మీ పత్రికలో ఏ ఆట గురించి రాసినా, అందులో బొమ్మ పేకముక్కా బంతా అన్నది పక్కన పెట్టి, పిల్లవాడి చేతిలోంచి డబ్బు పోతుందా, పోతే ఏం వస్తుందో ముందే చెబుతారా అన్న సంగతి మొదటి పేరాలోనే రాయమని మనవి. మా విద్యార్థి తండ్రికి ఆ రోజు అలాంటి వార్త ఒక్కటి చూపించగలిగితే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది.

ఇట్లు,
ఒక లెక్కల ఉపాధ్యాయురాలు,
తెనాలి