పచ్చి కలపతో హరిత గృహాలా?

సంపాదకులకు,

స్థిరాస్తి ప్రకటనల్లో ఈ మధ్య ‘కలప వాడని హరిత గృహం’ అన్న మాట బాగా కనిపిస్తోంది. తలుపులు, కిటికీలు అల్యూమినియంవో యూపీవీసీవో బిగించి చెట్లను కాపాడామంటున్నారు. ముడి అల్యూమినియం ఒక కిలో తీయడానికి విద్యుద్విశ్లేషణ దశలోనే సుమారు 14 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. పాత లోహాన్ని కరిగించి చేస్తే అందులో ఇరవయ్యో వంతు చాలు, అయితే తాము వాడేది ఏదో ప్రకటనల్లో రాయరు. కలప సంగతి వేరు. ఎండిన కలప బరువులో దాదాపు సగం కర్బనమే, చెట్టు గాలి నుంచి లాగి దాచుకున్నది. కేంద్ర ప్రజా పనుల విభాగం 1993లో కలపపై పెట్టిన నిషేధాన్ని 2020లో తనే ఎత్తేసింది. మన బిల్డర్లు మాత్రం ఇంకా పాత పాటే పాడుతున్నారు.

అయినా జనం కలపను వదిలేయడానికి పర్యావరణం అసలు కారణం కాదు. వానాకాలంలో బిగుసుకుపోయే తలుపు, వేసవిలో నోరు తెరిచే అతుకు, మూడేళ్లకే చెద పట్టే ద్వారబంధం చూసి విసిగిపోయారు. ఈ మూడింటిలో చాలా భాగం డిపోలు అమ్మే పచ్చి కలప, అంటే సరిగా ఆరబెట్టని కలప వల్లే వస్తోంది. దీని గురించి ఎవరూ రాయడం లేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

ఒక లెక్క చూడండి. అయిదు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల మందం ఉన్న కమ్మీలతో, గడపతో సహా ఏడడుగుల సింహద్వారానికి దాదాపు 21 అడుగుల కమ్మీ పడుతుంది. అంటే 2.2 ఘనపుటడుగులు. టేకైతే అందులో ఎండు కలప 35 కిలోల వరకు ఉంటుంది. తేమ శాతాన్ని ఎండు కలప బరువు మీద లెక్కిస్తారు. మిల్లు నుంచి నేరుగా వచ్చిన కమ్మీలో అది 40 శాతం ఉందనుకుంటే, అది 12 శాతానికి దిగేలోపు దాదాపు 10 లీటర్ల నీరు బయటికి పోవాలి. ఆ నీరు డిపోలో పోకపోతే మీ గోడలో పోతుంది. పోతూ పోతూ కమ్మీని మెలిపెడుతుంది.

తేమ సుమారు 30 శాతానికి దిగేదాకా కలప కుంచించుకోదు, ఆ తర్వాతే మొదలవుతుంది. వార్షిక వలయాల వెంబడి జరిగే కుంచింపు, వాటికి అడ్డంగా జరిగేదానికి దాదాపు రెట్టింపు. పలకలు దొప్పలా వంగేది ఇందుకే. పూర్తిగా ఎండితే వలయాల వెంబడి 8 శాతం తగ్గే జాతి పలకను 30 శాతం తేమ దగ్గర బిగిస్తే, 12 శాతానికి వచ్చేసరికి ప్రతి 100 మిల్లీమీటర్లకు దాదాపు 5 మిల్లీమీటర్ల సందు పడుతుంది. వడ్రంగి ఎంత నేర్పరైనా ఆ సందును ఆపలేడు. టేకు కుంచింపు ఇంతకంటే తక్కువ. దాని గిరాకీకి రంగుతో పాటు ఇదీ ఒక కారణం.

భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విడదీసింది. 50 మిల్లీమీటర్లు, అంతకు మించిన మందమున్న తలుపు, కిటికీ కలపకు మండలాన్ని బట్టి 10 నుంచి 16 శాతం దాకా తేమను అనుమతించింది. పలుచని వాటికి మరో రెండు శాతం తక్కువ. తీర ప్రాంతాలకు పై అంకె, పొడి ప్రాంతాలకు కింది అంకె వర్తిస్తాయి. ఈ ప్రమాణం పేరు విన్న డిపోలే తక్కువ.

ఆరబెట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. నేలకు కనీసం అడుగు ఎత్తున దిమ్మెలు కట్టి, పైన కప్పు వేసి, పక్కల గాలి ఆడనివ్వాలి. పలకల మధ్య అంగుళం మందం అడ్డపట్టీలు అడుగున్నరకో రెండడుగులకో ఒకటి చొప్పున, అన్నీ నిలువునా ఒకే వరుసలో పడేలా పెట్టాలి. ఆ వరుస తప్పితే పట్టీల మధ్య పలక జారి వంగుతుంది, ఆ వంపు ఇక పోదు. కోసిన రోజే చివర్లకు మైనమో తారు రంగో పూయాలి. నీరు పక్కల కంటే కొసల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది కాబట్టి, పూయకపోతే అక్కడే పగుళ్లు మొదలవుతాయి. అంగుళం పలక మంచి ఎండల కాలంలో రెండు మూడు నెలల్లో ఆరుతుంది. మందం రెట్టింపైతే కాలం మూడు నాలుగు రెట్లవుతుంది. అందుకే ద్వారబంధాల కమ్మీలకు కిల్న్, అంటే వేడిగాలితో ఆరబెట్టే గది తప్పదు. అందులోనూ తొందరపడి మొదట్లోనే వేడి పెంచితే పైపొర బిగుసుకుని లోపల తడి నిలుస్తుంది. ఆ చెక్కను మధ్యకు చీలిస్తే రెండు ముక్కలూ విల్లులా వంగుతాయి.

కొనేవాళ్లు చూసుకోవలసింది తేమ కొలిచే మీటరు. రెండు సూదుల మీటరును పైన ఆనిస్తే పొడిగానే చూపిస్తుంది, ఎందుకంటే పైపొర ఎప్పుడూ ముందే ఆరుతుంది. పొడవు సూదులను మందంలో నాలుగో వంతు లోతుకు దించి, కొసకు కనీసం అడుగు దూరంలో చూడాలి. 30 శాతం దాటాక మీటరు అంకెను నమ్మనవసరం లేదు. చెద పట్టకుండా బోరాన్ మందు పట్టించిన చెక్కపై అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. గొడవ వస్తే తీర్పు చెప్పేది త్రాసే. చిన్న ముక్క కోసి తూచి, 103 డిగ్రీల ఓవెన్లో బరువు ఇక తగ్గని దాకా ఉంచి మళ్లీ తూచాలి. 250 గ్రాములది 200కు దిగితే, పోయిన 50 గ్రాములు ఎండు బరువులో నాలుగో వంతు, అంటే తేమ 25 శాతం.

ఇక చెద, పురుగు. చేవకు, అంటే దుంగ నడుమ భాగానికి, వాటిని తట్టుకునే గుణం కొంత సహజంగానే ఉంటుంది, దాని చుట్టూ బెరడు వైపు ఉండే తెల్లచెక్కకు ఏ జాతిలోనూ ఉండదు. పదిహేనేళ్లకే కొట్టిన పొలం టేకులో తెల్లచెక్క వాటా ఎక్కువ. పాలిష్ వేశాక రెండూ ఒకేలా కనిపిస్తాయి, పొడి రాలినప్పుడు కానీ తెలియదు. అలాంటి కలపకు బోరిక్ యాసిడ్ 1 పాలు, బోరాక్స్ 1.54 పాళ్లు కలిపిన ద్రావణం లోపలి తలుపులకు చవకైన మంచి మందు. పచ్చిగా ఉన్నప్పుడే ముంచి, కొన్ని వారాలు కప్పి ఉంచితే తడి వెంట లోపలికి పాకుతుంది. అయితే వానకు కరిగి పోతుంది కనుక బయటి కిటికీలకు, నేలను తాకే చోట్లకు పనికిరాదు. వాటికి ఒత్తిడితో పట్టించే రాగి మందులు వాడాలి. ఆర్సెనిక్ ఉన్న మందు పట్టించిన ముక్కలను పొయ్యిలో మాత్రం పెట్టకూడదు.

మన దగ్గర ఇంకొక చిక్కు ఉంది. ద్వారబంధం ముహూర్తానికి నిలబెట్టాలి, కాదనలేం. కానీ అదే ఊపులో ఇంట్లో బంధాలన్నీ గోడలతో పాటే లేపేస్తున్నారు. తర్వాత రోజుల తరబడి గోడలకు కొట్టే నీళ్లు, ప్లాస్టరింగ్ తడి, సున్నం అన్నీ చెక్క తాగాల్సిందే. కిల్న్‌లో ఆరబెట్టిన చెక్క కూడా మళ్లీ ఉబ్బుతుంది. సింహద్వారం ఒక్కటి ముహూర్తానికి నిలిపి, దాని వీపుకూ కాళ్ల కొసలకూ ముందే రెండు కోట్లు ప్రైమర్ వేసి, పైన పాలిథిన్ చుట్టండి. మిగతావాటికి ఖాళీలు వదిలి, ప్లాస్టరింగ్ ఆరాక బిగించుకోవచ్చు. పచ్చి చెక్కకు మాత్రం అన్ని వైపులా రంగు వేయొద్దు. లోపల తేమ 20 శాతం పైన నిలిచిందంటే కుళ్లు బూజుకు అదే కావాలి. ఎదురుజల్లు కొట్టే సజ్జ లేని కిటికీకి, స్నానాల గదికి అల్యూమినియం పెట్టుకుంటామంటే మాకూ అభ్యంతరం లేదు.

కలప ఎక్కడిదన్నది తర్వాతి ప్రశ్న. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. కాబట్టి ‘బర్మా టేకు’ అంటూ కొత్త దుంగ చూపించేవారిని దిగుమతి పత్రాలు అడగాలి. అడవిని బాధ్యతగా చూసుకుంటూ తీసిన కలపకు ఇచ్చే అంతర్జాతీయ ధ్రువీకరణ ఎఫ్‌ఎస్‌సీ. ఆ ముద్ర గోడ మీద ఫ్రేములో ఉంటే చాలదు. మీ బిల్లులో ఆ సరుకు ఎదురుగా అమ్మకందారు ధ్రువీకరణ కోడ్, ‘100 శాతం’ లేదా ‘మిక్స్’ అన్న మాట ఉండాలి. మధ్యలో ఒక్క వ్యాపారికి ధ్రువీకరణ లేకపోయినా గొలుసు అక్కడ తెగినట్లే. కేంద్రం 2023 డిసెంబరులో తెచ్చిన దేశీయ కలప ధ్రువీకరణ పథకంలో అడవుల బయటి చెట్లకూ చోటుంది. మన రైతుకు ఉపయోగపడేది అదే.

ఎందుకంటే భద్రాచలం చుట్టుపక్కల నుంచి ప్రకాశం దాకా జామాయిల్, సుబాబుల్ పొలాల్లో కావలసినంత ఉంది. కానీ కాగితపు గుజ్జు కోసం నాలుగైదేళ్లకే కొట్టి, టన్నుల లెక్కన తూస్తున్నారు. పది పన్నెండేళ్లు ఉంచి, మధ్యలో సగం చెట్లు పలుచన చేసి, కొమ్మలు ముందే కత్తిరిస్తే అదే జామాయిల్ కోతకు పనికొస్తుంది. దానికీ ఒక మొండితనం ఉంది. దుంగలో బెరడు వైపు భాగం లాగుడులో, నడుమ భాగం నొక్కుడులో ఉంటాయి. కొట్టగానే కొసలు నక్షత్రంలా పగులుతాయి. కొద్ది రోజుల్లోనే మిల్లుకు చేర్చి, అప్పటిదాకా నీళ్లు చల్లుతూ, అటొక పలక ఇటొక పలక మార్చి మార్చి కోయాలి. కిల్న్‌కు వెళ్లేముందు నీడలో 25 శాతం దాకా ఆరాలి. ఇంత పని చేసిన రైతుకూ మిల్లుకూ టన్ను ధరే ఇస్తామంటే ఎవరు చేస్తారు?

రెండు రాష్ట్రాల గృహనిర్మాణ శాఖలకు మా విజ్ఞప్తి రెండు విషయాల్లోనే. ప్రభుత్వ టెండర్లలో తలుపుల కలపకు జాతి పేరుతో పాటు తేమ శాతం, మందు పేరు రాయండి, సరుకు దిగిన రోజే మీటరుతో చూసి తీసుకోండి. పొలం కలపను చుట్టుకొలత తరగతుల వారీగా కొనే ధరల పట్టిక ప్రకటించండి. ప్రైవేటు డిపోల బిల్లుల్లో తేమ శాతం గడి ఆ తర్వాత దానంతట అదే వస్తుంది.

— కలప కోత, తలుపుల తయారీ రంగంలోని పాఠకులు, రాజమహేంద్రవరం